టైప్ 054ఏ ఫ్రిగేట్: డీజిల్ ఇంజన్లతోనే నలభై నౌకలు ఎందుకు కట్టారు?

జాలారిపేట విద్యార్థి అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. 2016 ఫిబ్రవరిలో మన ఊళ్లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు నేను ఇంకా స్కూల్లో ఉన్నాను. ఒకరోజు చీకటి పడ్డాక మా నాన్న నన్ను బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లి, దీపాలు వెలిగించుకుని వరుసగా లంగరు వేసి ఉన్న నౌకలను తన బైనాక్యులర్స్‌లో ఒక్కొక్కటిగా చూపించారు. చైనా నుంచి ల్యూజౌ, సాన్యా అనే రెండు నౌకలు వచ్చాయనీ, ఆ రెండూ టైప్ 054ఏ అనే ఒకే తరగతి ఫ్రిగేట్లనీ (మధ్యస్థ పరిమాణపు యుద్ధనౌకలనీ) తరువాత తెలుసుకున్నాను. అప్పటినుంచి ఆ నౌకల గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

చదివిన కొద్దీ ఒక సందేహం బలపడింది. సుమారు 134 మీటర్ల పొడవు, 4,000 టన్నుల బరువు ఉన్న ఈ నౌకలో జెట్ విమానపు ఇంజన్ లాంటి గ్యాస్ టర్బైన్ లేదు. నాలుగు డీజిల్ ఇంజన్లే దాన్ని నడుపుతాయి, గరిష్ఠ వేగం 27 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు) దగ్గర ఆగిపోతుంది. మన తూర్పు నౌకాదళంలో ఉన్న శివాలిక్ తరగతి ఫ్రిగేట్లకు గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి, అవి 30 నాట్లు దాటుతాయి. అయినా చైనా ఆ ఒక్క తరగతిలోనే 2019 నాటికి 30 నౌకలు నిర్మించి, ఆ తరువాత మళ్లీ మరో విడత మొదలుపెట్టి మొత్తం 40కి చేర్చింది. వేగం తక్కువని తెలిసీ అన్ని నౌకలు ఎందుకు కట్టారు? వేరే ఇంజన్ దొరకక అలా చేశారా, లేక కావాలనే ఎంచుకున్నారా? అనుభవం ఉన్నవారు వివరించగలరని ప్రార్థన.

ఇంజన్ గది మనిషి సమాధానం:

బాబూ, నేను మన నౌకాదళంలో ఇంజన్ గదిలోనే సర్వీసంతా చేసి రిటైరయ్యాను. చైనా నౌక ఇంజన్ గదిలో నేనెన్నడూ అడుగు పెట్టలేదు. అయితే అందులో ఉన్న ఇంజన్ కుటుంబం నాకు బాగా తెలిసినదే కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ఆ నాలుగూ పీల్‌స్టిక్ అనే ఫ్రెంచి కంపెనీ డిజైన్ చేసిన 16 పీఏ6 ఎస్‌టీసీ రకం ఇంజన్లు. లైసెన్సు తీసుకుని చైనాలోనే తయారు చేసుకుంటున్నారు. సరిగ్గా అదే రకం ఇంజన్లు రెండేసి మన శివాలిక్, సత్పురా, సహ్యాద్రి నౌకల్లో ఉన్నాయి. మన నౌక మామూలుగా తిరిగేటప్పుడు ఆ డీజిళ్ల మీదే తిరుగుతుంది. వేగం కావలసినప్పుడు మాత్రం వాటిని వదిలిపెట్టి ఎల్‌ఎమ్2500 గ్యాస్ టర్బైన్లకు మారుతుంది. రెండూ కలిపి నడపడం ఆ అమరికలో కుదరదు. ఇక కమోర్తా తరగతి సంగతి చూడండి. ఆ నాలుగు నౌకలూ మన విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. వాటిలో గ్యాస్ టర్బైన్ ఊసే లేదు, అదే కుటుంబానికి చెందిన 12 సిలిండర్ల డీజిళ్లు నాలుగు ఉన్నాయి. అంటే చైనావారు చేసిన ఎంపికను మనవారు కూడా ఒక అవసరానికి చేశారన్నమాట.

ఎస్‌టీసీ, అంటే సీక్వెన్షియల్ టర్బోచార్జింగ్, అన్న మూడు అక్షరాల్లో అసలు విషయం ఉంది, అది మెకానికల్ విద్యార్థి తప్పకుండా తెలుసుకోవలసినది. యుద్ధనౌక తన జీవితంలో ఎక్కువ భాగం పన్నెండు నుంచి పద్దెనిమిది నాట్ల మధ్య తిరుగుతుంది. మామూలు టర్బో డీజిల్‌ను అంత తక్కువ లోడు మీద రోజుల తరబడి నడిపితే, పొగలో బలం చాలక, ఆ పొగతో తిరిగి ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బోచార్జర్ సరిగా తిరగదు, గాలి తగ్గుతుంది, నూనె పూర్తిగా కాలదు. ఒక పాత నౌకలో అలా నడిచిన ఇంజన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను విప్పినప్పుడు లోపలి గోడ మీద వేలి మందాన, తారులా జిగురుగా పేరుకున్న మసిని ఇద్దరం కూర్చుని స్క్రేపర్లతో గీకి తీశాం. ఆ వాసన మూడు రోజులు చేతుల్ని వదలలేదు. ఎస్‌టీసీ ఇంజన్లో ఈ బాధ చాలావరకు తప్పుతుంది. తక్కువ లోడు ఉన్నప్పుడు ఒక టర్బోచార్జర్‌కు వెళ్లే దారిని ఫ్లాప్ మూసేస్తుంది, పొగ మొత్తం రెండో దానిలోకే వెళుతుంది కాబట్టి అది నిండు వేగంతో తిరిగి సిలిండర్లకు కావలసిన గాలిని అందిస్తుంది. లోడు పెరిగినప్పుడు మూసి ఉన్నదాని దారి కూడా తెరుచుకుంటుంది. నెమ్మదిగా, చాలా దూరం, చాలా రోజులు వెళ్లవలసిన నౌకకు ఇంతకంటే తగిన ఏర్పాటు అరుదు.

ఇప్పుడు వేగం మాట. నీటిలో నడిచే నౌకకు కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 18 నాట్ల నుంచి 27కు వెళ్లడానికి మూడు రెట్లకు పైగా శక్తి కావాలి. 27 నుంచి 30కి, అంటే కేవలం మూడు నాట్ల కోసం, ఉన్నదానికి మూడో వంతు కంటే ఎక్కువ శక్తిని అదనంగా చేర్చాలి. ఆ మూడు నాట్ల కోసం టర్బైన్ పెడితే దానికి గాలిని తెచ్చే పెద్ద గొట్టాలు, వేడి పొగను బయటికి పంపే ఇంకా పెద్ద గొట్టాలు, ఫిల్టర్లు నౌక మధ్యభాగాన్ని ఆక్రమిస్తాయి. 4,000 టన్నుల నౌకలో ఆ స్థలం ఊరికే రాదు. పైగా ఆ కాలంలో చైనాకు నమ్మకమైన సొంత గ్యాస్ టర్బైన్లు సమృద్ధిగా లేవు, ఫ్రిగేట్ల కంటే పెద్దవైన వారి డిస్ట్రాయర్లకే ఉక్రెయిన్ డిజైన్ మీద ఆధారపడ్డారు. కనుక మీ ప్రశ్నకు నా జవాబు రెండూ నిజమే అని. టర్బైన్ కొరత ఉన్నమాట వాస్తవం, అయినా నౌక పనికి డీజిల్ సరిపోవడమూ వాస్తవమే.

ఇంకొక మాట కూడా చెప్పాలి, నాకు ఈ తరగతిలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే. వారు ముందుగా టైప్ 054 పేరుతో మాఅన్‌షాన్, వెన్‌జౌ అనే రెండు నౌకలు మాత్రమే కట్టారు. 2005లో మొదటిది నౌకాదళంలో చేరింది. అందులో హల్ (నౌక ఒడలు) కొత్తది, ఇంజన్ల అమరిక కొత్తది, ఆయుధాలు మాత్రం అప్పటికే వాడుకలో ఉన్నవి. హల్, ఇంజన్లు బాగున్నాయని తేలాక వాటిని పెద్దగా కదిలించకుండా పైన క్షిపణులు, రాడార్లు మార్చి 054ఏ అన్నారు. మొదటిదైన జౌషాన్ 2006లో జలప్రవేశం చేసి 2008 జనవరిలో నౌకాదళంలో చేరింది. మన శివాలిక్ 2003లో జలప్రవేశం చేసి 2010 ఏప్రిల్లో చేరింది. మన నౌక వారి నౌక కంటే బరువైనది, సంక్లిష్టమైనది. అయినా ఈ రెండు జతల సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నా మనసుకు కష్టంగా ఉంటుంది. అన్ని కొత్తవీ ఒకే నౌకలో ఒకేసారి పెట్టకపోవడమే వారి వేగానికి ముఖ్య కారణమని నా నమ్మకం.

సింధియా జంక్షన్ సమాధానం:

ఇంజన్ల గురించి పెద్దాయన చెప్పిన తరువాత నేను చేర్చేదేమీ లేదు. ఆయుధాల వైపు చూసినా అదే బంధుత్వం కనబడుతుందని చెప్పడానికి రాస్తున్నాను. 054ఏ పైన తిరిగే ప్రధాన రాడార్ రష్యా ఫ్రెగాట్ కుటుంబం నుంచి వచ్చింది, క్షిపణులకు దారి చూపే రాడార్లు ఒరెఖ్ రకానివి, ముందున్న 76 మిల్లీమీటర్ల తుపాకికి మూలం రష్యా ఏకే-176. శివాలిక్ మీద కూడా ఫ్రెగాట్, ఒరెఖ్ రాడార్లు ఉన్నాయి. ఇద్దరూ ఒకే అంగట్లో సరుకు కొన్నారు. ఎవరు దాన్ని ఎలా అమర్చుకున్నారన్నదే తేడా.

ఆ తేడా పెద్దది. మన శివాలిక్ మీద విమానాలను కొట్టే ష్టిల్ క్షిపణులు ఒంటి చేతి లాంచర్ మీదికి ఒకదాని తరువాత ఒకటిగా ఎక్కుతాయి, మొత్తం 24. దగ్గరికి వచ్చేవాటి కోసం బరాక్ విడిగా ఉంది. 054ఏలో ముందు డెక్ కిందనే 32 నిలువు అరలు ఉన్నాయి. వాటిలో ఎచ్‌క్యూ-16 క్షిపణులు నిలబడి ఉంటాయి, మొదటి రకం దూరం సుమారు 40 కిలోమీటర్లు. క్షిపణి అరలోనే మండుతుంది, ఆ మంట పక్కనున్న దారి గుండా పైకి పోతుంది. లాంచర్ తిరగనక్కరలేదు, ఎక్కించుకోనక్కరలేదు కాబట్టి ఒకదాని వెనక ఒకటి వెంటవెంటనే వెళ్లగలవు.

అయితే ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. 32 అరలు ఉన్నాయంటే ఒకేసారి 32 లక్ష్యాలను కొడుతుందని కాదు. ఈ క్షిపణి తనంతట తాను లక్ష్యాన్ని వెతుక్కోదు. నౌక మీది రాడార్ లక్ష్యం మీద కిరణాన్ని నిలిపి ఉంచితే, అక్కడినుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుని వెళుతుంది. చీకట్లో ఒకరు టార్చి వేసి పట్టుకుంటే మరొకరు రాయి విసిరినట్టు అనుకోండి. ఆ టార్చిలు నౌక మీద నాలుగే. అందువల్ల అన్ని వైపుల నుంచి ఒక్కసారిగా దాడి జరిగితే ముందుగా చాలకపోయేది అరలు కావు, ఆ నాలుగు రాడార్లు. ఇంకొకటి, జలాంతర్గామి మీదికి టార్పెడోను మోసుకువెళ్లే రాకెట్‌ను కూడా ఆ అరల్లోనే పెట్టాలి. అలాంటివి ఎనిమిది పెడితే విమానాల కోసం 24 మాత్రమే మిగులుతాయి. ప్రయాణానికి ముందే ఆ లెక్క తేల్చుకోవాలి.

నౌకల మీద దాడికి మధ్యభాగంలో రెండు నాలుగేసి గొట్టాల లాంచర్లలో ఎనిమిది వైజే-83 క్షిపణులు ఉంటాయి, ఇవి ధ్వని కంటే తక్కువ వేగంతో వెళ్లేవి. పాకిస్తాన్ కొనుక్కున్న నాలుగు 054ఏ/పీ నౌకల్లో మాత్రం ధ్వనిని మించిన వేగం గల సీఎం-302లు పెట్టారు. వాటిలో తుగ్రిల్ 2021 నవంబరులో చేరింది, చివరి రెండైన టిప్పు సుల్తాన్, షాజహాన్ 2023 మేలో చేరాయి. మన దృష్టి నుంచి చూస్తే ఈ నాలుగే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే అవి ఎప్పుడూ హిందూ మహాసముద్రంలోనే ఉంటాయి.

పోర్టు ఏరియా సెకండ్ ఆఫీసర్ సమాధానం:

నేను మర్చంట్ నేవీలో పనిచేస్తున్నాను. సముద్రపు దొంగల బెడద ముదిరిన సంవత్సరాల్లో ఏడెన్ సింధుశాఖ గుండా చాలాసార్లు వెళ్లాను కనుక, ఈ తరగతి చేసిన ఉద్యోగం గురించి చెప్పగలను.

చైనా 2008 డిసెంబరు చివర్లో మొదటి దళాన్ని అక్కడికి పంపింది, మరుసటి ఏడాది నుంచి 054ఏలు ఆ పనిలోకి వచ్చాయి. రెండు యుద్ధనౌకలు, ఒక సరఫరా నౌక కలిసి ఒక దళం. కొన్ని నెలలు చేసి తరువాతి దళానికి అప్పగించి వెళ్లిపోయేవి. 2017లో జిబౌటీలో స్థావరం ఏర్పడేవరకు వాటికి అక్కడ సొంత రేవు లేదు. అంతకాలం నీటి మీదే ఉండాలంటే నూనె తక్కువ తాగే నౌక కావాలి. ఇంజన్ గది పెద్దాయన చెప్పిన లెక్క నాకు అక్కడే కళ్లకు కట్టింది. మా సరుకు నౌకలు పన్నెండు, పదమూడు నాట్లతో వెళుతుంటే వాటికి కాపలాగా వచ్చే ఫ్రిగేట్ అంతకంటే వేగంగా వెళ్లి ఏం చేస్తుంది?

ఒక తెల్లవారుజామున బ్రిడ్జి (నౌకను నడిపే గది) మీద నా వాచ్, అంటే నా డ్యూటీ వంతు. రెయిలింగ్ పొడవునా ముళ్లకంచె చుట్టి, ఫైర్ హోస్‌లు బయటికి వంచి కట్టి ఉన్నాయి, నలుగురు మనుషులు డెక్ మీద కాపలా. కుడివైపున రెండు మైళ్ల దూరంలో బూడిదరంగు ఫ్రిగేట్ మాతో సమానంగా వస్తోంది. వెలుతురు వచ్చాక దాని పక్కగోడలు వాలుగా, ఒక్క కిటికీ కూడా లేకుండా సాఫీగా ఉండడం చూశాను. రాడార్ కిరణం వచ్చిన దారినే తిరిగిపోకుండా పక్కకు చెదిరిపోవడానికే ఆ వాలు అని మా కెప్టెన్ చెప్పారు. హెలికాప్టర్ లేచి ముందుకు వెళ్లి ఒక అనుమానపు పడవ చుట్టూ తిరిగి వచ్చింది. రేడియో చానెల్ పదహారులో నెమ్మదైన ఇంగ్లీషులో ఒక్కొక్క నౌక పేరూ పిలిచి క్షేమం అడిగారు. 2012 నుంచి భారత్, చైనా, జపాన్ నౌకాదళాలు తమ కాన్వాయ్‌ల సమయాలను ఒకదానితో ఒకటి కుదుర్చుకున్నాయి. ఏ దేశపు నౌక ముందుంటే దాని వెనక మేము చేరేవాళ్లం.

ఆ దళాల్లో ఉండగానే వీటికి వేరే పనులు కూడా పడ్డాయి. 2011లో లిబియా కల్లోలంలో తమ వారిని తరలించే నౌకలకు రక్షణగా షూజౌ అనే 054ఏ సూయెజ్ దాటి మధ్యధరాలోకి వెళ్లింది. 2014లో సిరియా రసాయన ఆయుధాలను తరలించే నౌకలకు యన్‌చెంగ్ తోడుగా నిలిచింది. 2015 ఏప్రిల్ 2న లిన్‌యీ ఏడెన్ రేవు నుంచి పది దేశాలకు చెందిన 225 మంది విదేశీయులను ఎక్కించుకుని జిబౌటీకి చేర్చింది. సరిగ్గా రెండు రోజుల ముందు అదే ఏడెన్ నుంచి మనవారిని తీసుకువచ్చింది ఐఎన్ఎస్ సుమిత్ర. 2016లో విశాఖ సమీక్షలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఎక్కిన నౌక కూడా ఆ సుమిత్రే. తమ్ముడూ, మీరు బైనాక్యులర్స్‌లో చూసిన ల్యూజౌ, సాన్యా కూడా ఏడెన్‌కు వెళ్లిన ఇరవై ఒకటో దళానికి చెందినవే.

ఎంవీపీ కాలనీ మేడమ్ సమాధానం:

నేను సముద్ర భౌతికశాస్త్రం బోధిస్తాను. పైన అందరూ చెప్పినది శ్రద్ధగా చదివాను. కాపలా పనిలో ఈ నౌక గొప్పదే. అయితే ఫ్రిగేట్ అసలు పని జలాంతర్గామిని వెతకడం, ఆ విషయం వద్దకు వచ్చేసరికి నేను ఇంజన్ గది గారితో పూర్తిగా ఏకీభవించలేను.

డీజిల్ ఇంజన్లో పిస్టన్లు కొట్టే దెబ్బ తక్కువ పౌనఃపున్యపు ధ్వనిగా హల్ గుండా నీటిలోకి దిగి చాలా దూరం పోతుంది. వినడానికి వెళ్లినవాడే చప్పుడు చేస్తే ఎలా? దానికి తోడు మన బంగాళాఖాతం ప్రత్యేకత ఒకటి ఉంది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర అంతటి మంచినీటిని తెచ్చి పోయడం వల్ల పైపొర ఉప్పు తక్కువగా, తేలికగా ఉండి కింది నీటితో తొందరగా కలవదు. ఆ పొర అడుగున ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది, హల్ కింద ఉన్న సోనార్ (ధ్వనితో నీటి లోపల వెతికే పరికరం) పంపిన ధ్వని అక్కడ కిందికి వంగిపోతుంది. కొంత దూరం దాటాక నీడలాంటి ప్రాంతం ఏర్పడుతుంది, జలాంతర్గామి కెప్టెన్ ఆ నీడలోనే కూర్చుంటాడు. కాబట్టి సోనార్‌ను కేబుల్‌తో ఆ పొర కిందికే దించాలి. 054ఏ తొలి నౌకల్లో అలా లోతు మార్చుకునే సోనార్ లేదు, తరువాతి విడతల్లోనే వెనకభాగాన దాన్ని చేర్చారు. హెలికాప్టర్ ఒక్కటే, అదీ చాలా నౌకల్లో జడ్-9 అనే తేలికపాటిది. విశాఖలోని మన నౌకాదళ విమాన స్థావరం డేగా మీదుగా ఎగిరే, ఒకదానిపై ఒకటి రెండు రెక్కల కామోవ్-28 కూడా ఆ డెక్ మీద దిగగలదు, కానీ చైనా దగ్గర అవి కొద్దిగానే ఉన్నాయి. శివాలిక్‌లో రెండు హెలికాప్టర్లకు చోటుంది. ఈ లోటును సంఖ్యతో పూడ్చలేరు.

ఇంజన్ గది మనిషి సమాధానం:

అమ్మా, చప్పుడు విషయంలో మీరన్నది కాదనను. డీజిల్‌ను, గేర్‌బాక్స్‌ను హల్‌కు నేరుగా బోల్టు చేయకుండా ఒక చట్రం మీద రబ్బరు మౌంట్లతో కూర్చోబెడితే చాలా తగ్గుతుంది, మన కమోర్తాలో అలాగే చేశారు. తగ్గుతుంది గానీ పోదు. వాచ్‌లో ఉండగా పాదాల కింద ప్లేటు వణుకును బట్టి ఏ ఇంజన్ నడుస్తోందో నేను చెప్పగలిగేవాడిని, నా పాదానికి తెలిసినది నీటికి తెలియకుండా ఉండదు. ఆ మేరకు నా మాట సవరించుకుంటున్నాను.

సంఖ్య గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఒకే ఇంజన్, ఒకే పంపు, ఒకే వాల్వు నలభై నౌకల్లో ఉంటే విడిభాగం కోసం ఎదురుచూపు ఉండదు. ఒక నౌకలో శిక్షణ పొందినవాడు మరుసటి రోజు మరో నౌకలో కళ్లు మూసుకుని పని చేయగలడు. ఒక భాగం రాక నెలల తరబడి రేవులో కట్టేసి ఉన్న నౌకలను చూసినవాడిని కాబట్టి ఇది చిన్న సంగతి అని నేను అనలేను.

జాలారిపేట విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క ప్రశ్న మిగిలింది. టైప్ 054బీ వచ్చింది కదా, ఇక 054ఏ పని అయిపోయినట్టేనా?

సింధియా జంక్షన్ సమాధానం:

లేదు తమ్ముడూ. 054బీలో మొదటిదైన లువోహ 2025 జనవరి 22న చింగ్‌డావ్‌లో నౌకాదళంలో చేరింది. హల్ పెద్దది, తుపాకి 100 మిల్లీమీటర్లది, రాడార్ కొత్త తరానిది, ముందున్న అరలు మాత్రం మళ్లీ 32. అది తయారవుతుండగానే చైనా పాత 054ఏల రెండో విడతను కూడా కట్టింది. కొత్తదాన్ని కొద్ది సంఖ్యలో నడిపి చూసి, నమ్మకం కుదిరేవరకు పాతదాన్ని ఆపకపోవడం వారి పద్ధతి. 054 నుంచి 054ఏకు వచ్చినప్పుడూ అలాగే చేశారు. మనవైపు చూస్తే, 2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి అనే ఫ్రిగేట్లు రెండూ ఒకే రోజు విశాఖలో నౌకాదళంలో చేరాయి. ఒకటి ముంబయిలో, ఒకటి కోల్‌కతాలో తయారైనది, డిజైన్ మాత్రం ఒక్కటే. శివాలిక్ రోజులతో పోలిస్తే ఇది మంచి మార్పని నేను అనుకుంటున్నాను.

జాలారిపేట విద్యార్థి:

నిన్న ఫిషింగ్ హార్బర్‌లో మా నాన్న బోటు ఇంజన్ ఎగ్జాస్ట్ గొట్టాన్ని మెకానిక్‌తో కలిసి విప్పి చూశాను. వల లాగేటప్పుడు గంటల తరబడి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి చూడాలనిపించింది. లోపల పెద్దాయన చెప్పినట్టే నల్లగా, జిగురుగా ఉంది. గీకితే చిటికెనవేలి గోరంత మందం వచ్చింది. ఫోటో తీసి కాలేజీలో మా సార్‌కు చూపించాను. తక్కువ లోడు మీద టర్బోచార్జింగ్ గురించే ప్రాజెక్టు చేయడానికి ఆయన ఒప్పుకున్నారు.